ఇంటి కంప్యూటరుకు వైరస్ సోకితే: వదిలించే విధానం

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలలో చాలావాటి లెక్కలు ఇప్పుడు కంప్యూటరులోనే ఉంటున్నాయి. సంఘానికి సొంత కంప్యూటరు లేనిచోట కార్యదర్శిగారి ఇంటి కంప్యూటరే సంఘం కంప్యూటరు. పగలు పిల్లల చదువు, సాయంత్రం సినిమా, రాత్రి పాల బిల్లులు, అన్నీ దానిమీదనే. అందుచేత ఇంటి కంప్యూటరుకు వైరస్ సోకితే నష్టం ఆ ఒక్క ఇంటికేనని సభ్యులు అనుకోరాదు. పక్షం రోజులు పోసిన పాల లెక్క దానిలో ఉన్నది.

రెండేళ్ళ క్రిందట మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పటం అవసరం. ఆ సంఘం బిల్లులన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉండేవి. ఒకరోజు దానిని తెరచి చూడగా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపించాయి. అసలు లెక్కలు కనబడలేదు. కార్యదర్శిగారి అబ్బాయి అన్నీ పోయాయనుకొని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేశాడు. వేరేచోట ప్రతి లేదు. తనిఖీ నివేదికలో ఏమి వ్రాస్తారోనన్న భయంతో కార్యదర్శిగారు నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. బిల్లు రోజున సభ్యులు వచ్చి కూర్చున్నారు. వారిలో ఒక పెద్దావిడ, "మీ పెట్టెలో లేకపోతే మేం పాలు పోయనట్టేనా సారూ?" అని మమ్ములను అడిగింది.

అదృష్టవశాత్తు టెస్టరు పూటపూటకూ లీటర్లు, వెన్న శాతం చేతితో వ్రాసిన రిజిస్టరు ఉన్నది. రెండు రాత్రులు కూర్చొని దాని ఆధారంగా బిల్లులు తిరిగి తయారుచేశాము. మూడు రోజులు ఆలస్యంగా అందరికీ డబ్బు ముట్టింది. తరువాత విచారింపగా రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆ వైరస్ లెక్కలను చెరపలేదు, కనబడకుండా దాచింది, అంతే. లెక్కలు పోయింది తొందరపాటు వలన. రెండవది, మా పెన్‌డ్రైవ్‌లోను అదే వైరస్ ఉన్నది. అంతకు పది రోజుల ముందు స్టేట్‌మెంటు తీసుకోవటానికి మేమే దానిని ఆ కంప్యూటరుకు పెట్టాము. అది మా చేతిమీదుగా వచ్చిందని ఒప్పుకొనక తప్పలేదు. నివేదికలో ఆ సంగతి కూడ వ్రాశాము.

గాలికుంటు సోకిన కొట్టంలో తిరిగి, కాళ్ళు కడుగకుండా పక్క కొట్టంలోకి పోరాదని సభ్యులకు ఎన్నోసార్లు చెప్పిన మేము, పెన్‌డ్రైవ్ విషయంలో ఆ మాట మరచాము.

వైరస్ అంటే ఏమిటి?

ఇది ఒక ప్రోగ్రాము. హాని కోసం మనిషి వ్రాసినది. తన ప్రతులను తానే తయారుచేసుకొని ఒక ఫైలునుండి మరొక ఫైలుకు, ఒక యంత్రంనుండి మరొక యంత్రానికి పోతుంది. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు వ్రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. ఇప్పుడు ఫ్లాపీ స్థానంలో పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్ వచ్చాయి. మంచి ప్రోగ్రాము వేషంలో వచ్చేవి, పాస్‌వర్డులను దొంగిలించేవి, ఫైళ్ళకు తాళంవేసి డబ్బు అడిగేవి కూడ ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి మాల్వేర్ అంటారు.

లక్షణాలు

కంప్యూటరు కారణం లేకుండా నెమ్మదించటం, అడగని ప్రకటనలు తెరమీదికి రావటం, ఇంటర్నెట్ తెరవగానే తెలియని పేజీ కనబడటం, వైరస్ నిరోధక ప్రోగ్రాము తనంతట తానే ఆగిపోవటం, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు షార్ట్‌కట్లు కావటం ముఖ్యమైనవి. అయితే నెమ్మదించిన ప్రతి కంప్యూటరుకూ వైరస్ ఉన్నదనుకోరాదు. మేత తినని ప్రతి గేదెకూ గాలికుంటు కాదు కదా. పరీక్ష చేసిన తరువాతనే నిర్ణయించవలెను.

చికిత్స

1. ముందుగా వేరుచేయవలెను. ఇంటర్నెట్ ఆపవలెను. పెన్‌డ్రైవ్‌లు తీసివేసి, వాటిని మరొక యంత్రానికి పెట్టకుండా పక్కన ఉంచవలెను. బ్యాంకు పనులు ఆ కంప్యూటరులో చేయరాదు.

2. దేనినీ చెరపరాదు, ఫార్మాట్ చేయరాదు. షార్ట్‌కట్‌గా మారిన ఫోల్డరుమీద నొక్కరాదు. నొక్కితే వైరస్ మరల పనిలోకి వస్తుంది.

3. విండోస్ 10, 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే నిరోధక ప్రోగ్రాము ఉచితంగానే ఉన్నది. 'విండోస్ సెక్యూరిటీ' తెరచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో 'స్కాన్ ఆప్షన్స్' చూడవలెను. డిఫెండర్ చాలాకాలంగా అప్‌డేట్ కాకపోతే, ఆ ఒక్క పనికే కొద్దిసేపు ఇంటర్నెట్ కలిపి మరల తీసివేయవలెను. తరువాత 'ఫుల్ స్కాన్' పెట్టవలెను. దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు. మధ్యలో ఆపరాదు.

4. దొరికినవాటిని తొలగించమని లేదా క్వారంటైన్ చేయమని చెప్పవలెను. క్వారంటైన్ అంటే రోగపు పశువును విడి కొట్టంలో కట్టినట్లే.

5. అయినా లక్షణాలు పోకపోతే అదేచోట ఉన్న 'ఆఫ్‌లైన్ స్కాన్' చేయవలెను. కంప్యూటరు ఆగి, విండోస్ పూర్తిగా లేవకముందే పరీక్ష జరుగుతుంది. వైరస్ పనిలో లేనప్పుడు దానిని పట్టటం తేలిక. పని సుమారు 15 నిమిషాలలో అవుతుంది.

6. కంప్యూటరు శుభ్రపడిన తరువాతనే పక్కన ఉంచిన పెన్‌డ్రైవ్‌ను పెట్టి, తెరవకముందే స్కాన్ చేయవలెను. ఆపైన 'వ్యూ'లో 'హిడెన్ ఐటెమ్స్' గుర్తు పెడితే దాగిన ఫోల్డర్లు సాధారణంగా కనబడతాయి. అప్పటికీ కనబడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అనే గుర్తును తాత్కాలికంగా తీసి చూడవలెను. పై సంఘంలో ఈ పని చేసి ఉంటే లెక్కలు దొరికి ఉండేవి.

7. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులను మరొక శుభ్రమైన ఫోనులోనో, కంప్యూటరులోనో మార్చవలెను. వైరస్ ఉన్న యంత్రంలో మార్చితే కొత్తది కూడ దొంగ చేతికే పోతుంది.

ఇన్ని చేసినా నయం కాకపోతే, లెక్కల ప్రతి తీసి, విండోస్‌ను తిరిగి ఎక్కించుటే మార్గం. అది తెలిసినవారిచేత చేయించవలెను.

ఫైళ్ళకు తాళం పడితే

2017 మే 12న 'వన్నాక్రై' అనే మాల్వేర్ బయలుదేరి 150కి పైగా దేశాలలో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళంవేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దీనికి గురయ్యాయి. విండోస్‌లో అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది. అది వేసుకొననివారే ఎక్కువగా నష్టపోయారు. ఇటువంటి స్థితిలో డబ్బు కట్టరాదు. కట్టినా ఫైళ్ళు వస్తాయన్న హామీ లేదు. తాళంపడిన ఫైళ్ళను పారవేయరాదు. కొన్నిటికి తాళంచెవులు తరువాత ఉచితంగా దొరుకుతున్నాయి.

నివారణ

విండోస్ అప్‌డేట్లను ఆపరాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వీలైనవారు విండోస్ 11కు మారవలెను. కొనకుండా వాడుకొనే 'క్రాక్' ప్రోగ్రాములను తెచ్చి పెట్టరాదు. వాటితోనే చాలా మాల్వేర్ వస్తుంది. "మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెరమీద కనబడితే ఫోన్ చేయరాదు. బాగుచేస్తామంటూ కంప్యూటరును తమ ఆధీనంలోకి ఇమ్మనేవారు దొంగలు. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవలెను.

అన్నిటికంటె ముఖ్యం విడి ప్రతి. పక్షం బిల్లు పూర్తికాగానే లెక్కలను మరొక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానిని కంప్యూటరునుండి తీసి బీరువాలో ఉంచవలెను. ఎల్లప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచితే ప్రతికి కూడ రోగం పడుతుంది. చేతి రిజిస్టరు మానరాదు. కాగితానికి ఈ రోగం సోకదు.

ఇక మా సంగతి. తనిఖీకి వచ్చినప్పుడు మేము పెన్‌డ్రైవ్ ఇస్తే, మా ఎదుటనే స్కాన్ చేసిన తరువాత వాడవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఇనస్పెక్టరుగారు ఏమనుకుంటారోనన్న మొగమాటం అక్కరలేదు. వైరస్ సోకితే ఆ రోజే చెప్పవలెను. సోకినందుకు రిమార్కు వ్రాయము. దాచితే మాత్రం, ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు మీరూ మేమూ కలిసి జవాబు చెప్పవలసి ఉంటుంది.