కలివికోడి అడుగుజాడలు

పులి పంజా గుర్తును చూచి అది పోయిన దారిని చెప్పగలవారు అడవి పల్లెల్లో ఎప్పుడూ ఉన్నారు. కాని అడుగు పొడవైనా లేని ఒక పిట్ట మట్టిలో విడిచిన మూడువేళ్ల గుర్తును పట్టుకొని, ఆ జాతి ఎక్కడెక్కడ బ్రతికియున్నదో తేల్చవలసిన అవసరం కడప జిల్లాలో కలిగింది. ఆ పిట్ట పేరు కలివికోడి.

పేరులో కోడి ఉన్నా ఇది కోడి జాతిది కాదు; తీతువుకు దూరపు చుట్టం. కలివి మొదలైన ముళ్లపొదల మధ్య తిరుగుతుంది. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలున్నవి. దీని శాస్త్రీయ నామంలోని ‘బైటార్క్వాటస్’ అనే మాటకు రెండు పట్టెడలు గలది అని అర్థం. కన్నులు పెద్దవి, ఏలయన ఇది రాత్రివేళ మేతకు బయలుదేరే పక్షి. పగలు పొదల నీడలో కదలక మెదలక కూర్చుంటే, ఒంటిరంగు మట్టిరంగులో కలిసిపోయి పది గజాల దూరంలో ఉన్నవానికైనా కనిపించదు.

మద్రాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1848 ప్రాంతంలో దీనిని లోకానికి తెలిపినాడు. అందుచేత ఆంగ్లంలో దీనికి ఆయన పేరే నిలిచింది. 1871లో బ్లాన్‌ఫర్డ్ గోదావరి పరిసరాలలో చూచినాడు. 1900లో అనంతపురం దాపున మరొకరికి కనిపించింది. అటుపిమ్మట జాడ లేదు. వెదకినవారు రిక్తహస్తాలతో తిరిగివచ్చినారు. ఇక ఈ జాతి నశించినదనే అనుకొన్నారు.

ఎనభైఆరు సంవత్సరాలు గడచినవి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో ఈ పక్షిని తిరిగి కనుగొన్నాడు. రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దానిని పట్టినవాడు ఆ ప్రాంతపు వేటగాడే. పుస్తకాలలో లేకుండాపోయిన పక్షికి ఆ పల్లెల్లో పేరు మాత్రం చెక్కుచెదరలేదన్నమాట! ఈ సంగతి పక్షిశాస్త్రజ్ఞులు కొంచెం ముందుగా అడిగి తెలుసుకోవలసింది.

పక్షి దొరికింది సరే, ఎన్ని ఉన్నవి? ఎక్కడెక్కడ ఉన్నవి? టార్చిలైటు పట్టుకొని ఎన్ని రాత్రులు తిరిగినా ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. మనిషి అలికిడి వినగానే అది పొద మాటుకు పరుగెత్తుతుంది. అందుచేత పరిశోధకులు దానిని వెంబడించుట మాని, అదే వచ్చి తన సంగతి చెప్పునట్లు ఏర్పాటు చేసినారు. పొదల మధ్య మెత్తని మట్టిని సన్నని పట్టీలుగా పరచి చదును చేయుటే ఆ ఏర్పాటు. రాత్రి దానిమీదుగా నడచిన ప్రతి ప్రాణి అడుగూ అందులో పడుతుంది. తెల్లవారి వచ్చి చూచుకోవచ్చును.

ఇందులో ఒక చిక్కున్నది. కాకి, గోరువంక వంటి పక్షులకు ముందు మూడు వేళ్లు, వెనుక ఒకటి ఉంటవి. కలివికోడికి వెనుకవేలు లేదు. కాని వెనుకవేలు లేని పక్షులు ఆ అడవిలో ఇంకా ఉన్నవి. కనుక మూడు వేళ్లు కనిపించగానే సంతోషించరాదు. వేళ్ల పొడవు, అడుగు వెడల్పు కొలిచి, ఇతర పక్షుల అడుగులతో పోల్చి చూడవలెను. పట్టీల పక్కన, ప్రాణి కదలగానే తనంత తానే బొమ్మ తీసే కెమెరాలను కూడా అమర్చి, అడుగు ఎవరిదో సరిచూచుకొన్నారు. పాఠశాల ఆవరణలో ఒక మూల జల్లెడపట్టిన మట్టిని పరచి, మరునాడు ఉదయం అడుగులను కొలిచి గీసుకొనుట విద్యార్థులకు సులభంగా చేతనైన పని. కాకి అడుగుకు, పావురం అడుగుకు గల భేదం ఒక్క వారంలో తెలిసిపోతుంది.

తరువాత దాని కూత కూడా తెలిసింది. చీకటిపడే వేళ కొద్ది నిమిషాలు మాత్రమే కూస్తుంది. రికార్డు చేసిన కూతను పొదలలో వినిపించి, బదులు వచ్చునేమోనని చెవియొగ్గి వినుట మరొక పద్ధతి అయింది.

ఈ అడుగుల లెక్కవల్ల బయటపడిన విశేషం ఆలోచింపదగినది. దట్టమైన అడవిలో ఈ పక్షి లేదు; బోడినేలలోనూ లేదు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్నపొదలు వెయ్యికి లోపుగా ఉన్నచోట దాని అడుగులు హెచ్చుగా పడినవి. పొదల నడుమ పరుగెత్తుటకు ఖాళీనేల కావలెను, దాగుటకు పొద కావలెను. మేకలు మితిమీరి మేసినా, వంటచెరకు అతిగా కొట్టినా పొదలు పోవును. పోనీ, మనిషిని పశువును బొత్తిగా రానీయక కంచె వేస్తే పొదలు అల్లుకొనిపోయి ఖాళీనేల మిగలదు. కావున అడవికి తాళం వేసినంతమాత్రాన ఈ పక్షికి రక్షణ కలిగినట్లు కాదు. ఎంత మేత, ఎంత నరకుడు అనే లెక్క అక్కడి పశువుల కాపరులతో కూర్చుని తేల్చుకోవలసినది. ఇది కంచె వేయుటకంటె కష్టమైన పని.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువను కూడా ఈ పక్షి నివాసాన్ని తప్పించి దారి మళ్లించవలసి వచ్చింది. కరువుసీమలో నీటికాలువను ఒక పిట్టకోసం మళ్లించుట చిన్న విషయం కాదు. అయినా పక్షి తేలికగా కనిపించే రోజులు రాలేదు. అడుగులు అరుదైనవి, కూతలు తగ్గినవి; ఆ తరువాత చాలా ఏండ్లపాటు నమ్మదగిన జాడ దొరకలేదు.

దీని గూడు ఎట్లుంటుందో శాస్త్రజ్ఞులకు తెలియదు. గుడ్డు సంగతి మాత్రం విచిత్రంగా తెలిసింది. 2013లో స్కాట్లండు దేశపు ఆబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో పాతగుడ్ల మధ్య ఒకటి అనుమానం కలిగించింది. అది 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. దానినుండి తీసిన జన్యుపదార్థాన్ని, మరొక ప్రదర్శనశాలలో భద్రపరచిన కలివికోడి చర్మంలోని జన్యుపదార్థంతో పోల్చగా రెండూ సరిపోయినవి. కలివికోడి గుడ్డుగా ఆనాడు గుర్తింపు పొందినది అదొక్కటే.