నీరు నిండిన సొరంగాలు, గుహలు – సహాయక చర్యలలో ఎదురయ్యే సవాళ్లు

అత్వెల్లి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా: వరద నీటిలో చిక్కుకున్న గ్రామస్థులను రక్షించడం వేరు, భూగర్భంలో నీటి వెనుక చిక్కుకున్న వారిని వెలికితీయడం వేరు. నేలపైన వరద వచ్చినప్పుడు పడవలు, హెలికాప్టర్లు, తాళ్లు వంటి సాధనాలతో నాలుగు దిక్కుల నుండి బాధితులను చేరుకోవచ్చును. భూగర్భంలో సాధారణంగా దారి ఒక్కటే. బాధితులు లోనికి వెళ్లిన దారి, నీరు ప్రవహించే దారి, సహాయక బృందాలు చేరవలసిన దారి అదే కావడం ఈ పనిలోని మొదటి క్లిష్టత. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో జరిగిన దుర్ఘటన ఈ అంశాన్ని రాష్ట్ర ప్రజలందరి దృష్టికి తెచ్చింది. ఇటువంటి సందర్భాలలో వార్తలు సేకరించే పాత్రికేయులకు, విధులు నిర్వహించే అధికారులకు ఉపయోగపడే ముఖ్యాంశాలను ఈ దిగువన వివరించడమైనది.

దోమలపెంట దుర్ఘటన

కృష్ణా జలాలను ఎత్తిపోతల అవసరం లేకుండా నల్లగొండ జిల్లాకు తరలించే ఉద్దేశంతో తలపెట్టిన ఈ సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం దిగువ నుండి సాగుతున్నందున దీనికి నడుమ ఎక్కడా పైనుండి దారులు తవ్వలేదు. దోమలపెంట వైపు నుండి ఒక యంత్రం, మన్నెవారిపల్లి వైపు నుండి మరొక యంత్రం తవ్వుకుంటూ వచ్చి కలుసుకోవలసి ఉండింది.

కొంత విరామం తరువాత పనులు తిరిగి మొదలైన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 22 ఉదయం, ముఖద్వారానికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఊటనీరు ఉధృతమై, పైకప్పు కూలి, బురద, రాళ్లు సొరంగాన్ని ముంచెత్తాయి. లోపలున్న వారిలో అధికులు బయటకు రాగలిగారు. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు యంత్ర ఆపరేటర్లు, నలుగురు కార్మికులు, వెరసి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వీరు జమ్మూ కాశ్మీర్, పంజాబ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుండి పొట్టకూటి కోసం వచ్చినవారు.

జాతీయ, రాష్ట్ర విపత్తు స్పందన దళాలు, సైన్యం, నౌకాదళం, సింగరేణి కాలరీస్ గని రక్షక బృందాలు, హైడ్రా, దక్షిణ మధ్య రైల్వే, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తదితర విభాగాలు ఇందులో పాలుపంచుకున్నాయి. మార్చి 9న ఒకరి, మార్చి 25న మరొకరి మృతదేహాలు లభించాయి. రెండు నెలలకు పైగా సాగిన గాలింపు నిలిచేనాటికి మిగిలిన ఆరుగురి జాడ తెలియరాలేదు.

మొదటి సవాలు: ఆగని నీరు

గుహలోనైనా, సొరంగంలోనైనా నీటిని తోడినంత మాత్రాన సమస్య తీరదు. తోడే వేగం ఊరే వేగాన్ని మించినప్పుడే నీటిమట్టం తగ్గుతుంది. దోమలపెంటలో నిమిషానికి వేల లీటర్ల చొప్పున ఊట కొనసాగినందున పగలూ రాత్రీ పంపులు నడపవలసి వచ్చింది. 14 కిలోమీటర్ల దూరం నుండి నీటిని బయటకు చేర్చాలంటే దారి పొడవునా దశలవారీగా పంపులు, పైపులు, విద్యుత్తు తీగలు అమర్చాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా లోపల పనిచేసే రక్షకులే ప్రమాదంలో పడతారు.

2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు జూన్ 23న చిక్కుకున్నప్పుడు కూడా పంపులే మొదటి ఆయుధమయ్యాయి. ఆ పనిలో మన దేశానికి చెందిన కిర్లోస్కర్ సంస్థ నిపుణులు సైతం సలహాలందించారు. కొండపై గుహలోనికి నీరు దిగే వాగులను గుర్తించి, వాటిని దారి మళ్లించడం కూడా అక్కడ చేపట్టారు.

రెండవ సవాలు: బురద

నీటిలో గజ ఈతగాడు ఈదగలడు. బురదలో ఈదలేడు, నడవలేడు, నిలబడనూ లేడు. దోమలపెంటలో నౌకాదళ గజ ఈతగాళ్లు వచ్చినప్పటికీ వారి నైపుణ్యం పూర్తిగా వినియోగపడకపోవడానికి కారణమిదే. మీటర్ల ఎత్తున పేరుకున్న బురదలో తవ్వకపు యంత్రపు ఇనుప భాగాలు చిక్కుకుపోయి, వాటిని గ్యాస్ కట్టర్లు, ప్లాస్మా కట్టర్లతో ముక్కలు చేసి తొలగించవలసి వచ్చింది. బురదను బయటకు చేర్చే కన్వేయర్ బెల్టు దెబ్బతినడంతో, దానిని బాగుచేసే వరకు పని మందకొడిగా సాగింది. నేలలోనికి చొచ్చుకుపోయే రాడార్ పరికరం చూపిన చోట్ల తవ్వినప్పుడు మనుషులకు బదులు లోహపు భాగాలు బయటపడిన సందర్భాలున్నాయి. చివరకు కేరళ పోలీసు శాఖ శునకాలు గుర్తించిన చోటు గాలింపునకు దారి చూపింది.

మూడవ సవాలు: గాలి

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం ఉంటుంది. మూసుకుపోయిన చోట అది క్రమంగా తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. థామ్ లువాంగ్ గుహలో బాలురున్న చోట ఇది 15 శాతానికి పడిపోయింది. ఈ కారణంగానే వర్షాలు తగ్గేదాకా వేచి ఉండాలన్న ఆలోచన విరమించి, జూలై 8 నుండి 10 వరకు మూడు రోజులలో, బాలురకు మత్తుమందు ఇచ్చి, ముఖానికి ప్రాణవాయువు తొడుగులు అమర్చి, నీటి అడుగు నుండి ఒక్కొక్కరిని బయటకు చేర్చారు. పదమూడు మంది ప్రాణాలు దక్కాయి. కాని జూలై 6న గుహలో ప్రాణవాయువు సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ, థాయ్ నౌకాదళ మాజీ సభ్యుడు సమాన్ కునాన్ ప్రాణాలు కోల్పోయారు.

నాలుగవ సవాలు: బాధితులున్న చోటు

బాధితులు బతికి ఉండే అవకాశం వారున్న చోట ఖాళీ స్థలం మిగిలిందా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం కూలినప్పుడు, శిథిలాలకు ఆవల ఖాళీ సొరంగం మిగిలి ఉన్నది. పైపు ద్వారా గాలి, ఆహారం అందించగలిగారు. 17 రోజుల తరువాత 41 మంది క్షేమంగా బయటపడ్డారు. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లోని మహాబీర్ బొగ్గు గనిలోనికి నీరు చొరబడినప్పుడు, గనిలో మెరక ప్రదేశానికి చేరిన 65 మందిని పైనుండి రంధ్రం వేసి, ఇనుప క్యాప్సూల్ ద్వారా ఒక్కొక్కరినే పైకి లాగారు.

దోమలపెంటలో ఈ రెండు అవకాశాలూ లేవు. బురద ఖాళీ స్థలాన్నే నింపివేసింది. పైనుండి రంధ్రం వేయాలంటే సుమారు 400 మీటర్ల మందాన కొండ, దానిపై అడవి. సిల్క్యారాలో విజయం సాధించిన ర్యాట్ హోల్ గని కార్మికులు దోమలపెంటకు కూడా వచ్చారు. మనుషులు వారే అయినా, ఎదురుగా ఉన్న నేల స్వభావం అది కాదు.

రక్షకుల రక్షణ

ఎప్పుడు ఆపాలన్నది ఈ పనిలో అన్నిటికన్న కఠినమైన నిర్ణయం. కూలిన ప్రదేశానికి అతి సమీపంలోని చివరి భాగంలో తవ్వితే పైకప్పు మళ్లీ కూలే ప్రమాదమున్నదని నిపుణులు హెచ్చరించిన మీదట, 2025 ఏప్రిల్ నెలాఖరులో అక్కడ గాలింపు నిలిపివేశారు. ఆరు కుటుంబాలు కడసారి చూపునకు నోచుకోలేదు. మరి కొందరు రక్షకుల కుటుంబాలకు అదే గతి పట్టకూడదన్నది ఆ నిర్ణయంలోని ఆంతర్యం. ఈ రెండింటిలో ఏది సరి అని తూకం వేయడం సులభం కాదు. ఆ బాధ్యత మోసిన వారిని గురించి రాసేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవడం సమంజసం.

ముందుచూపే మేలు

మన ప్రాంతానికి ఈ అనుభవం కొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ఉప్పొంగి 17 మంది కార్మికులు మరణించారు. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వకం చేపట్టాలంటే ముందస్తు అనుమతి పొందాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతున్నాయి. ముందున్న రాతిని రంధ్రాలు వేసి పరీక్షించడం, ఊట పెరిగిన వెంటనే పని ఆపి మనుషులను వెనుకకు రప్పించడం, లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరు బయట నమోదు చేయడం వంటివి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ గల జాగ్రత్తలు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం విషయంలో కూడా మిగిలిన మార్గంలోని రాతి పొరలను, నీటి ఊటలను గుర్తించేందుకు 2025 నవంబరులో హెలికాప్టరు ద్వారా విద్యుదయస్కాంత సర్వే చేపట్టడం జరిగింది.

గ్రానైటు నేల గల అత్వెల్లి, మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో బెలుం, బొర్రా వంటి సున్నపురాతి గుహలు లేవు. అయినను పాత బావులు, నీరు నిండిన క్వారీ గుంతలు, మురుగు కాలువల మ్యాన్‌హోళ్లు ఉన్న ప్రతి చోటా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. బావిలో పడిన ఒకరి కోసం ఒకరి తరువాత ఒకరు దిగి, గాలి ఆడక అందరూ మరణించిన ఉదంతాలు మనకు తెలియనివి కావు. లోపలి గాలిని పరీక్షించకుండా, నడుముకు తాడు లేకుండా ఎవరూ దిగరాదు. వెంటనే 112 లేదా అగ్నిమాపక శాఖ వారి 101 నంబరుకు తెలియజేయాలి.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. భూగర్భ ప్రమాదాలలో మొదటి గంటల సమాచారం తరచు తారుమారవుతుంది. బాధితుల సంఖ్యను, వారి క్షేమ సమాచారాన్ని అధికారికంగా ధ్రువీకరించుకున్న తరువాతనే ప్రకటించడం శ్రేయస్కరం. ముఖద్వారం వద్ద ఎదురుచూసే కుటుంబానికి ఒక్క తప్పుడు వార్త ఇచ్చే ఆశ, మరునాడు మిగిల్చే దుఃఖం రెండూ భరించరానివి.