పేజీ దొరకనప్పుడు పక్కింటి పిన్నిగారు

పోయిన వేసవిలో మా తెలుగు బడి వెబ్ సైటును కొత్తగా తీర్చిదిద్దుకున్నాం. ఆ హడావుడిలో పాత పాఠాల చిరునామాలన్నీ మారిపోయాయి. గుంటూరు నుంచి వీడియోలో మనవరాలికి గుణింతాలు దిద్దించే ఒక అమ్మమ్మగారు పాత చిరునామా నొక్కితే, తెల్లటి తెర మీద ఇంగ్లీషులో "404 నాట్ ఫౌండ్" అని వచ్చిందట. తనే ఏదో పాడుచేశాననుకుని ఆవిడ రెండు వారాలు కంప్యూటరు ముట్టుకోలేదు. తప్పు మాది, భయం ఆవిడది!

పిల్లలూ, మీరు ఒక పేజీ కోసం నొక్కగానే బ్రౌజరు వెళ్ళి సర్వరును అడుగుతుంది. సర్వరు జవాబుతో పాటు ఒక మూడంకెల సంఖ్య కూడా పంపుతుంది. 200 అంటే "ఇదిగో, తీసుకో" అని. 4తో మొదలైతే అడిగినదానిలో చిక్కు, 5తో మొదలైతే సర్వరులోనే చిక్కు. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ దొరకలేదని. (వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధనశాలలో 404 నంబరు గది వల్ల ఈ సంఖ్య వచ్చిందని చెబుతుంటారు. అది వట్టి కట్టుకథ.)

మన ఊళ్ళో ఎవరింటికైనా వెళ్తే తాళం వేసి ఉందనుకోండి. పక్కింటి పిన్నిగారు బయటికి వచ్చి, "వాళ్ళు ఇల్లు మారారమ్మా, రామాలయం వెనక వీధిలో ఉంటున్నారు. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటారు. మంచి 404 పేజీ చేయవలసిన పని అదే. ముందు దారి, తరువాత మంచినీళ్ళు.

ఈ ఖాళీ పేజీని గొప్పగా వాడుకున్నవారూ ఉన్నారు. 2012లో యూరప్‌లో మొదలైన "నాట్‌ఫౌండ్" పథకంలో చేరిన సైట్లు తమ 404 పేజీల మీద తప్పిపోయిన పిల్లల ఫోటోలు చూపాయి. మీకందరికీ తెలిసిన క్రోమ్ డైనోసారు మాత్రం 404 కాదు, నెట్ లేనప్పుడు వచ్చేది.

మా పేజీని మూడో తరగతి పిల్లలే గీశారు. ఇప్పటి వాచకాల్లోంచి జారిపోయిన ఒక అక్షరం బొమ్మ వేసి, పేపర్లో ప్రకటనలాగా "ఌ కనబడుటలేదు" అని రాశారు. మేమంతా నవ్వుకున్నాం. అమ్మమ్మగారికి చూపిస్తే ఆవిడా నవ్వి, "బాగుంది, మరి పాఠం ఏదర్రా?" అన్నారు. దారి చూపడం మరచిపోయాం! ఇప్పుడు బొమ్మకు పైన పెద్ద అక్షరాలతో "మీ తప్పేమీ లేదు, పాఠాలన్నీ ఇక్కడున్నాయి" అని ఉంది.

సైటు నడిపే తల్లిదండ్రులకు ఒక మాట. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా సర్వరు మాత్రం 404 సంఖ్యనే పంపాలి. 200 పంపితే గూగుల్ వంటివి దాన్ని నిజం పేజీ అనుకోవచ్చు. పాఠం కొత్త చోటికి మారి ఉంటే 301 పెట్టండి, బ్రౌజరు తిన్నగా అక్కడికే తీసుకుపోతుంది. పాత సంచికల్లో అచ్చయిన మా చిరునామాలకు అలాగే చేశాం.