మేలు విత్తనము ఎట్లు పుట్టును?

మన రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి ప్రాంతములకు పోయినచో కాలువ క్రింద కనుచూపుమేర వరిపైరు కానవచ్చును. తుంగభద్ర ఆనకట్ట 1953 లో పూర్తియైన పిమ్మట ఎడమ కాలువ నీటి నాశ్రయించి ఆంధ్రదేశమునుండి వచ్చిన రైతులెందరో ఇచట నెలకొనిరి. వారి పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుతుము. ఆ పొలములలో పేరెన్నికగన్న వంగడము బీపీటీ 5204, అనగా సాంబ మసూరి. రైతులవలెనే ఇదియు ఆంధ్రదేశమునుండి వచ్చినదే. ఇది తనంతట పుట్టినది కాదు. మనుజుడు ఎన్ని తీర్చినది. ఆ తీరును తెలిసికొందము.

ఒక చేనిలో మొక్కలన్నియు ఒకే రీతిగా నుండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదాని గింజ సన్నము, మరియొకదానిది ముతక. రైతు మేలైన వెన్నులను ఏరి విత్తనమునకు దాచును. తల్లి గుణము పిల్లకు సంక్రమించును గనుక, ఏటేట ఇట్లు చేసినచో కొన్ని తరములకు చేని స్వభావమే మారును. దీనినే ఎన్నిక యందుము. ఛార్లెస్ డార్విన్ 1859 లో ప్రకటించిన తన గ్రంథమున మొదటి ప్రకరణమును పెంపుడు జంతువులయందు, పైరులయందు కలుగు మార్పులకే కేటాయించెను.

అయితే ఎన్నిక ఉన్నదానిని ఏరునే గాని లేనిదానిని కల్పింపజాలదు. వేర్వేరు మొక్కల గుణములను ఒకచో చేర్చుటకు సంకరము కావలెను. వరిపువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. కావున శాస్త్రజ్ఞులు పువ్వు విచ్చుకొనక మునుపే కేసరములను తొలగించి, వేరొక మొక్క పుప్పొడిని చల్లుదురు. సన్నగింజకు పేరొందిన కోయంబత్తూరు వంగడము జీఈబీ 24 ను, తైవాను దేశపు పొట్టి వంగడము టీఎన్ 1 ను ఇట్లు కలిపి, ఆ సంతతిని మరల మసూరితో సంకరపరచిరి. పుట్టినవానిలో మేలైనవానిని తరము వెంట తరము ఎన్ని, 1986 లో బాపట్లనుండి సాంబ మసూరిని విడుదల చేసిరి.

ఒకటి కోరి ఎన్నునపుడు మరియొకటి జారిపోవుటయు కలదు. సాంబ మసూరికి రుచి యబ్బినది గాని ఎండాకు తెగులును తట్టుకొను శక్తి యబ్బలేదు. సీమయంతయు ఒకే వంగడమైనచో, ఒక చేనికి సోకిన తెగులు అన్నిటికిని సోకును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొను మూడు జన్యువులను దీనిలో చేర్చి 2008 లో మెరుగైన సాంబ మసూరిని వెలువరించిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని అడవి వరినుండి లభించినది. ఎవ్వరును విత్తని గడ్డిమొక్క మన యన్నమును కాపాడుటకు తోడ్పడినది!

పశువుల సంగతియు నిట్టిదే. నల్లరేగడిలో సేద్యమునకై 19వ శతాబ్ది చివర ఒంగోలు, గిర్ మొదలగు జాతులను కలిపి కృష్ణాలోయ జాతిని తీర్చిరి. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ ఎద్దులు అరుదైనవి. బ్రెజిలు చేరిన ఒంగోలు పశువులు మాత్రము నెలోరె యను పేర, ముఖ్యముగా మాంసమునకై ఎన్నబడి, అచట విస్తారముగా వృద్ధినందినవి. మనుజుని అవసరమును బట్టియే జాతుల బ్రతుకు మారుచున్నది.

విద్యార్థులారా! నేడు పనికిరాదనుకొన్న విత్తనము రేపు మనకు ఆధారము కావచ్చును. మీ తాతలు విత్తిన పాత వరుల పేర్లను, మెట్టచేల జొన్నల పేర్లను అడిగి వ్రాసికొనుడు. గింజలు దొరకినచో పిడికెడైనను ప్రతియేడు విత్తి నిలుపుడు. ఇంట పలుకని భాష వలెనే, చేన విత్తని గింజయు నశించును.