బర్మా ముహాజిర్లారా, మీ మాట మీరే చెప్పండి

చాదర్‌ఘాట్‌లో మేము పాఠాలు చెప్పే మదరసాలో ఒకనాడు పిల్లలను తమ స్వగ్రామం పేరు రాయమన్నాము. ఒకరు నల్లగొండ అని, మరొకరు గుల్బర్గా అని రాశారు. బర్మా నుండి వచ్చిన కుటుంబపు బాలుడు మాత్రం ‘బాలాపూర్ క్యాంపు’ అని రాశాడు. అతని తండ్రిని విచారించగా, “మౌలానా సాబ్, ఊరి పేరు తెలిస్తే పిల్లవాడు ఎక్కడో ఒకచోట పలుకుతాడు. అది మాకే ఆపద” అని తల వంచుకున్నారు.

ఆ భయం నిరాధారమైనది కాదు. బర్మా పాలకులు 1982 పౌరసత్వ చట్టంతో రొహింగ్యాలను పరాయివారిగా చేశారు. 2015లో తెల్లకార్డులను రద్దు చేసి ఓటు హక్కును లాగివేశారు. 2017 ఆగస్టు 25 తరువాత సైన్యం సాగించిన దమనకాండకు తాళలేక ఏడు లక్షలకు పైగా ప్రజలు బంగ్లాదేశ్‌కు తరలిపోయారు. మన దేశం 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. జీవించే హక్కు విదేశీయులకూ వర్తిస్తుందని, దేశంలో నివసించే హక్కు మాత్రం పౌరులకే పరిమితమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8 నాటి ఉత్తర్వులో పేర్కొన్నది.

అయినప్పటికీ మౌనం రక్షణ కాజాలదని మా విన్నపం. మక్కా నుండి అబిసీనియాకు హిజ్రత్ చేసిన విశ్వాసులను వెనక్కి అప్పగించమని ఖురైషులు నజాషీ చక్రవర్తి వద్దకు కానుకలతో దూతలను పంపారు. అప్పుడు ముహాజిర్లు దాగుకొనలేదు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) దర్బారులో నిలబడి తమపై జరిగిన దౌర్జన్యాన్ని, తమ ధర్మాన్ని వివరించారు. ‘మర్యమ్’ సూరా పఠించారు. చక్రవర్తి వారిని అప్పగించలేదు. ఆ వృత్తాంతాన్ని మనకు అందించినవారు స్వయంగా ఆ హిజ్రత్‌లో పాల్గొన్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి). ఒకరు పలికారు, ఒకరు భద్రపరిచారు. ముహాజిర్లకు ఈ రెండూ అవసరమే.

రొహింగ్యాలకు రాజకీయం కొత్త కాదు. బర్మా 1951 ఎన్నికలలో గెలిచిన వారి ప్రతినిధులలో జూరా బేగం అనే మహిళ కూడా ఉన్నారు. నేడు వారి పక్షాన అంతర్జాతీయ న్యాయస్థానంలో 2019 నవంబరులో వ్యాజ్యం వేసినది ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా. 2020 జనవరి 23న ఆ న్యాయస్థానం రక్షణ చర్యలకు ఆదేశించింది. 2021 సైనిక తిరుగుబాటు అనంతరం ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం 1982 చట్టాన్ని రద్దు చేస్తామని మాట ఇచ్చింది. అడిగేవారు లేని వాగ్దానం కాగితంపైనే మిగిలిపోతుంది.

కనుక బర్మా సోదర సోదరీమణులారా! ప్రతి బస్తీలో మీరే ఒక కమిటీని ఎన్నుకోండి. అందులో స్త్రీలకూ స్థానం కల్పించండి. గ్రామం పేరు, వంశక్రమం, భూమి కాగితాలు, కళ్ళారా చూసిన ఘోరాలు తేదీలతో సహా రాసిపెట్టండి. న్యాయవాది సలహాతో మానవ హక్కుల కమిషన్‌కు, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు అర్జీలు పంపండి. ఈ దేశ చట్టాన్ని అతిక్రమించకండి. దళారులు ఇచ్చే ఆధార్, ఓటరు కార్డులను ముట్టకండి. ఆ దొంగ కార్డు మిమ్మల్ని జైలుకు పంపడమే కాదు, మీరు బర్మావారన్న నిజాన్నే చెరిపివేస్తుంది.

మరి అన్సార్ల స్థానంలో ఉన్న మన మాటేమిటి? 1942లో రంగూన్ విడిచి కాలినడకన వచ్చిన తెలుగువారి కష్టాలను మన పెద్దలు ఎరుగుదురు. వారికి తిరిగి రావడానికి ఒక దేశం ఉండినది. వీరికి అదీ లేదు. మేము సైతం రమజాన్‌లో రేషన్ సంచి అందించి బాధ్యత తీరిందనుకున్నాము. వారి గోడు కూర్చుని వినలేదు. ఇకనైనా అర్జీ రాయగల చదువరులు, న్యాయవాదులు వారానికొక పూట వారికి కేటాయించాలి.

ఆ తండ్రికి మేము ఒక నోటుపుస్తకం ఇచ్చాము. ఊరి పేరు పిల్లవానికి ఎప్పుడు చెప్పాలో ఆయనే నిర్ణయించుకుంటారు. ముందు రాసి ఉంచమని మాత్రం కోరాము. పీడితుల నోటికి ధైర్యాన్ని, మన చెవులకు ఓర్పును అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.