జలపాతం దగ్గర నీటి రంగు మారిందా? వెంటనే పైకి!



సెలవుల్లో పిల్లలతో ట్రెక్కింగ్‌కు వెళ్లాలనుకునేవారిని బాగా ఆకట్టుకునే చోటు కర్ణాటకలోని కుద్రేముఖ్ జాతీయ ఉద్యానవనం. తుంగ, భద్ర, నేత్రావతి నదులు ఇక్కడి గంగమూల కొండల్లోనే పుడతాయి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు పడమటి కనుమలను తాకి పైకి లేచి, చల్లబడి కురుస్తాయి. భూగోళం పాఠంలో మీ పిల్లలు చదివినది అక్కడ కళ్లారా చూడవచ్చు. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

నీరు చెప్పే హెచ్చరిక: మీరున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువన కొండ మీద వాన పడుతూ ఉండవచ్చు. అప్పటికే నానిన నేల ఇక నీటిని పీల్చుకోదు. అందుకే వాగు నిమిషాల్లో పొంగుతుంది. నీళ్లు బురద రంగులోకి మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే పిల్లలతో పక్కనున్న ఎత్తుకు ఎక్కేయండి. వాగు వెంట కిందికి పరుగెత్తకండి. చెప్పులు, ఫోన్ పోతే పోనివ్వండి. వాటి కోసం వెనక్కి వెళ్లొద్దు.

బస ఎక్కడ?: జాతీయ ఉద్యానవనంలో అడుగుపెట్టాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. లోపల సొంతంగా టెంటు వేయడం, మంట పెట్టడం కుదరదు. ట్రెక్కింగ్ చేసేవారు ముళ్లోడి, సంసె వంటి ఊళ్లలోని హోమ్‌స్టేల్లో ఉంటారు. శిఖరానికి రానుపోను సుమారు 20 కిలోమీటర్లు నడవాలి. చిన్న పిల్లలుంటే రోడ్డు మీది నుంచే కనిపించే కదంబి జలపాతం చాలు.

బట్టలు: జీన్స్, కాటన్ తడిస్తే త్వరగా ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టలు వేయండి. ఇంకో జత ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి.

జలగలు: పట్టుకుంటే గట్టిగా లాగకండి. గోటితో అంచు నుంచి మెల్లగా తప్పించండి. రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి రక్తం కాసేపు కారుతుంది. కంగారు పడకుండా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి.

ఉరుములు: మెరుపు కనిపించగానే పిల్లలను అంకెలు లెక్కపెట్టమనండి. 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద ఉండకండి.

చివరగా, మీ పిల్లలకు ఒక పని అప్పగించండి. వాగు అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకుని, అది మునుగుతోందేమో మీ పక్కనే కూర్చుని దూరం నుంచి గమనిస్తూ ఉండమనండి. "నీళ్లలోకి దిగొద్దు" అని పదిసార్లు చెప్పేకన్నా, ఎందుకు దిగకూడదో ఆ రాయే వాళ్లకు చెబుతుంది.