పాత బుల్లెట్టుకు కొత్త కార్బొరేటర్ ఎప్పుడు, ఎలా?

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ పాత బుల్లెట్టును షెడ్డు ముందు ఆపి మిస్సింగ్ వస్తోందని చెప్పండి. ఎక్కువగా వినిపించే సమాధానం ఒకటే: "అన్నా, గీ కార్బొరేటర్ ఖతమైంది. కొత్తది ఎక్కిస్తే సెట్ అయితది." ఒక్కోసారి అది నిజమే. చాలాసార్లు సగమే నిజం. ఆ మిగతా సగం తెలియకే జనం డబ్బు పోగొట్టుకుంటారు, కొందరు పిస్టన్ కూడా పోగొట్టుకుంటారు.

ఈ ప్రాంతంలో పాత బళ్లకు కొదవ లేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడ్డాక బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. చెరకు సొమ్ముతో కొన్న బుల్లెట్లు, మైసూరు ఐడియల్ జావా కంపెనీ నుంచి వచ్చిన జావాలు, ఎజ్డీలు ఇప్పటికీ పల్లెల్లో చావళ్లలో, గోనెసంచుల కింద దొరుకుతాయి. వాటిని బయటికి తీసి నడపాలనే సరదా ఈమధ్య బాగా పెరిగింది. అక్కడే కార్బొరేటర్ సమస్య మొదలవుతుంది.

కార్బొరేటర్ చేసే పని పెద్ద రహస్యమేమీ కాదు. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు గుర్తుందా? గాలి వేగంగా దూసుకుపోతే సన్న గొట్టంలోని మందు దానంతటదే పైకి లేచి తుంపరగా మారుతుంది. ఇక్కడ గాలిని ఇంజిన్ లాగుతుంది, మందు బదులు పెట్రోలు లేస్తుంది. ఇబ్బందల్లా పాళ్లతోనే. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక వంతు పెట్రోలుకు బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. గాలి ఎక్కువైతే 'లీన్' అంటారు, ఇంజిన్ వేడెక్కుతుంది. పెట్రోలు ఎక్కువైతే 'రిచ్', ప్లగ్గు నల్లబడుతుంది.

ఈ పాళ్లను ఒక్క జెట్టు చూసుకోదు, నాలుగు భాగాలు వంతులవారీగా చూసుకుంటాయి. యాక్సిలరేటర్ దాదాపు మూసి ఉన్నప్పుడు పైలట్ జెట్టు, దాని పక్కనుండే ఎయిర్ స్క్రూ పనిచేస్తాయి. మెకానిక్కులు పైలట్ జెట్టునే స్లో జెట్టు అంటారు. కొంచెం తిప్పగానే, అంటే పావు వంతు దాకా, స్లైడు అడుగున ఏటవాలుగా కోసిన భాగానిది పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా సూదిది. ఆపైన మాత్రమే మెయిన్ జెట్టు. మన ఊళ్లలో బండి నడిచేదంతా మొదటి సగంలోనే. అయినా ట్యూనింగ్ అనగానే అందరి చెయ్యీ మెయిన్ జెట్టు మీదికే పోతుంది.

కార్బొరేటర్ మార్చేముందు దాని మీద పడ్డ నింద నిజమో కాదో చూడాలి. కాంటాక్ట్ పాయింట్లు కాలిపోయినా, కండెన్సర్ బలహీనపడినా వచ్చే మిస్సింగ్ అచ్చం కార్బొరేటర్ మిస్సింగ్ లాగే ఉంటుంది. పాయింట్ల గ్యాపు బుల్లెట్టుకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. దాన్ని ఫీలర్ గేజ్‌తో కొలవాలి, పోస్టుకార్డు ముక్కతో కాదు. తర్వాత హెడ్డుకూ కార్బొరేటర్‌కూ మధ్య ప్యాకింగ్. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆ అతుకు చుట్టూ సిరంజితో నాలుగు నీటి చుక్కలు వేయండి. ఇంజిన్ మోత మారితే గాలి దొంగదారిన పోతున్నట్టే. పాత బ్రిటిష్ ఆమాల్ కార్బొరేటర్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. రెండు బోల్టులూ బిగించి బిగించి ఫ్లాంజ్ వంగిపోతుంది. అద్దం మీద ఎమెరీ పేపరు పరిచి దాన్ని చదును చేస్తే చాలు, చాలా బళ్లు దారికొస్తాయి.

నిజంగా అరిగిపోయిన కార్బొరేటర్ లక్షణాలు వేరు. స్లైడును పట్టి కదిపితే బాడీలో గిలకలాడుతుంది, ఐడిలింగ్ నిలవదు. సూది రాపిడికి నీడిల్ జెట్టు రంధ్రం కోలగా సాగి, మధ్య వేగంలో పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇక్కడ స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు, మార్చాల్సిందే.

మార్చేటప్పుడు పెద్దది పెడితే పికప్ పెరుగుతుందనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన భ్రమ. తర్వాతి రోజుల్లో బుల్లెట్ 350కి కంపెనీ ఇచ్చింది 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్ వీఎం24. మిక్‌కార్బ్ అంటే జపాన్ మికునీ డిజైన్‌తో మన దేశంలో తయారైనది. 28 మిల్లీమీటర్ల వీఎం28 వచ్చింది బుల్లెట్ 500కి. 350కి 28 పెడితే రంధ్రం పెద్దదై గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోలు సరిగ్గా లేవదు. టాప్ స్పీడు కాస్త పెరిగినా గట్ల మీద, బురదలో, వెనక ఇద్దరిని ఎక్కించుకుని నెమ్మదిగా పోయేచోట ఇంజిన్ తడబడుతుంది. నా మాట అడిగితే 350కి 24 చాలు. జావా, ఎజ్డీలకు వచ్చింది చెక్ డిజైన్ జికోవ్. దానికి బదులు మిక్‌కార్బ్ పెట్టడం దేశమంతటా ఉన్న అలవాటే. అక్కడా పాతదాని కొలత చూసుకునే కొత్తది ఎంచుకోవాలి. ఇక పీడబ్ల్యూకే పేరుతో తక్కువ ధరకు దొరికే నకిలీల జోలికి పోకపోవడమే మంచిది. వాటి జెట్ల మీద నంబరు ఒకటి, లోపలి రంధ్రం ఒకటి.

నంబర్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆమాల్ జెట్టు మీది నంబరు నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోలు పారుతుందో చెబుతుంది. చేతక్ స్కూటర్ల స్పాకో కార్బొరేటర్లో, దాని మాతృక డెల్ ఆర్టోలో ఆ నంబరు రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. కాబట్టి పాతదాంట్లో ఎంత ఉంటే కొత్తదాంట్లోనూ అంతే వేయమనడం అర్థంలేని మాట.

ఇప్పుడు చెరకు సీమకే ప్రత్యేకమైన విషయానికొద్దాం. 2023 ఫిబ్రవరి నుంచి మన బంకుల్లోకి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలైంది. ఆ ఇథనాల్‌లో పెద్ద వాటా చెరకు రసం, మొలాసెస్, బియ్యం, మక్కల నుంచి తీసిందే. పెట్రోలులో ఆల్కహాల్ కలపడం ఈ దేశానికి కొత్త కాదు. 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న బోధన్ ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబరులో మూతపడింది.  ఆ బాధ వేరు, దాన్ని ఇక్కడ పొడిగించను.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అది కాలడానికి తక్కువ గాలి చాలు. ఈ20కి సరైన పాళ్లు 14.7 కాదు, సుమారు 13.5. కొత్త ఇంజెక్షన్ బళ్లలో సెన్సర్ ఆ తేడా పసిగట్టి సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్క ప్రకారమే పోస్తుంది. అంటే నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బండి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే లీన్ అయింది. అందుకే కొత్త కార్బొరేటర్ పెట్టినా పెట్టకపోయినా జెట్లు ఒకటి రెండు సైజులు పెంచి చూడక తప్పదు. టూస్ట్రోక్ ఎజ్డీకి ఇది ఇంకా ముఖ్యం. లీన్ అయితే ఇంజిన్ వేడెక్కుతుంది. పిస్టన్ పట్టేసేది అప్పుడే.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బరునూ ట్యాంకు కుళాయిలోని బెండునూ పాడుచేస్తుంది. పాత కార్బొరేటర్ల జింకు బాడీ లోపల తెల్లటి పొడి కడుతుంది. వారం రోజులకు మించి బండి నిలిపేట్టయితే కుళాయి కట్టి, కింది గిన్నెలోని పెట్రోలు ఖాళీ చేయండి.

సెట్టింగ్‌కు ఖరీదైన సామాను అక్కర్లేదు. యాక్సిలరేటర్ గ్రిప్పు మీద తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు దగ్గర పెన్నుతో గీతలు పెట్టండి. తడబాటు ఏ గీత దగ్గర వస్తోందో చూస్తే తప్పు ఏ భాగానిదో తెలిసిపోతుంది. సగం దగ్గరైతే సూదిని బయటికి తీయండి. దాని పైకొసన వరసగా సన్నటి గాట్లు, ఒక గాటులో చిన్న క్లిప్పు ఉంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి జరిపితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక గాటే, ఒక మార్పే. ట్రాఫిక్ లేని దారిలో అదే వేగంతో కాసేపు నడిపి, ఒక్కసారిగా క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్గు చూడండి. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఉంటే మంచిది. తెల్లగా ఉంటే ప్రమాదం, మసిబారితే వృథా.

ఇంకో మాట. వేసవిలో నిజామాబాద్‌లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలి పలచబడి మిశ్రమం కొంచెం రిచ్ అవుతుంది. డిసెంబరు తెల్లవారుజామున గాలి చిక్కగా ఉండి అదే సెట్టింగ్ లీన్ అవుతుంది. అందుకని సెట్టింగ్ చలికాలంలో చేయించుకోవడం మేలు. మే నెలలో కాస్త ఎక్కువ తాగినా ఇంజిన్‌కు హాని లేదు.

అలవాటు కూడా మారాలి. పాతదానికి టిక్లర్ నొక్కి, పెట్రోలు కారాక, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి కిక్కు కొట్టేవాళ్లు. మికునీ రకానికి చోక్ ఎత్తినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంచాలి. తెరిస్తే చోక్ పనిచేయదు. కొత్త కార్బొరేటర్‌తో స్టార్ట్ కావట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే.

మీ బండికి యాభై ఏళ్లు దాటి ఉంటే మరో సంగతి ఆలోచించండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు రావాలంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి హెడ్డును కోయించకండి, ఫ్లాంజ్ రంధ్రాలను పెద్దవి చేయించకండి. అడాప్టర్‌తో బిగిస్తే ఎప్పుడైనా విప్పి పాతది పెట్టుకోవచ్చు. విప్పిన కార్బొరేటర్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆయిలు రాసి, బోల్టులతో సహా డబ్బాలో దాచండి. పాత సామాన్లవాడు ఇచ్చే తుక్కు ధరకు దాన్ని అమ్ముకోకండి.